కేసు నంబరు

తన మీద ఏ నేరమూ లేదని కాగితం చూపిస్తేనే వెండెల్‌కు బడి బస్సు నడిపే ఉద్యోగం. గడువు సోమవారం. అందుకే కౌంటీ కోర్టు రికార్డుల కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"కేసు నంబరు చెప్పు నాయనా," అంది గుమాస్తా లోర్నా.

"కేసే లేదమ్మా. లేదనే కాగితమే కావాలి."

"నంబరు లేకుండా ఎక్కడని వెతకను? ఇందాకటాయన్ని చూడు. మూడు దొంగతనాలు, మూడు నంబర్లు. రెండు నిమిషాల్లో పనైపోయింది."

"అయితే నన్నూ దొంగతనం చేసి రమ్మంటావా?"

వెండెల్ కోపంతో కిటికీ మీద గుద్దాడు. అద్దం పగిలింది. కోర్టు పోలీసు వచ్చి కేసు రాశాడు.

లోర్నా ముఖం వెలిగిపోయింది. "హమ్మయ్య, నంబరొచ్చింది! సోమవారం పొద్దున్నే రా, కాగితం ఇచ్చేస్తా."

"ఏమని?"

"ఈ అద్దం పగలగొట్టకముందు నువ్వు ఏ తప్పూ చెయ్యలేదని."