ట్రాంటర్ గారికి లేచిన చేతులు

ఎన్నికల రోజు ట్రాంటర్ గారు బండెక్కి తాగుడు మాన్పిస్తానని గొంతు చించుకున్నారు. ఇంగ్లండు నుంచి వచ్చి మా న్యూజిలాండ్ రేవులో ఓడ దిగిన నాటి నుంచీ ఆయన పాట అదే. ఊళ్లో ఉన్న ఒక్క సత్రమూ ఆయనదే. అందులో టీ తప్ప మరో చుక్క దొరకదు.

ఇదివరకు ఆయన శాసనసభకు నిలబడ్డప్పుడల్లా కుళ్లిన గుడ్లతో కొట్టాం. ఆ రోజుల్లో ఓటంటే చెయ్యెత్తడమే. ఈసారి ఎన్నికల అధికారి “ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి” అనగానే ఊరంతా ఎత్తేసింది. కమ్మరి రెండు చేతులూ ఎత్తాడు.

ట్రాంటర్ గారు కళ్లు తుడుచుకున్నారు. “చూశావా కెజాయా! మొత్తానికి వీళ్ల మనసు మార్చేశాను.”

“మీ మాటకు తిరుగేముందండీ!” అంది భార్య. ఆయన పెట్టె అప్పటికే సర్ది వెంట తెచ్చింది. “రాజధానిలో నిదానంగా ఉండి రండి. సత్రం నేను చూసుకుంటాగా.”

మర్నాడు ఆయన ఓడ కనుమరుగయ్యేదాకా రేవులో టోపీలు ఊపాం. వెనక్కి తిరిగేసరికి సత్రం గుమ్మంలో కెజాయా, ఆమె పక్కన బీరు పీపా.

“మీరు చేతులెత్తితే నేను బిరడా లాగుతానని ఇంటింటికీ వచ్చి చెప్పానా లేదా?” అంది. “ఏదీ, ఇప్పుడెత్తండి!”

ఎత్తాం. ఈసారి ఏ చెయ్యీ ఖాళీగా లేదు.