కన్ను మూయని చేప

థోంగ్‌యోంగ్ అనే కొరియా రేవు వెనక కొండవాలులో మాన్‌సిక్ పాత పెట్టెలు బాగుచేస్తుంటాడు. ఆ సాయంత్రం సున్‌రే అవ్వ తన అత్తగారి చెక్కపెట్టె అతని దుకాణానికి మోయించుకొచ్చింది. దానికి చేప ఆకారంలో ఇత్తడి తాళం వేలాడుతోంది.

"చేప ఒళ్లంతా తోము నాయనా, కన్ను మాత్రం రుద్దకు. చేప కన్ను మూయదనే కదా కాపలా పెట్టేది."

"నిద్రొస్తే నేనే జోల పాడతాలే అవ్వా. అయినా ఖాళీ పెట్టెకి కాపలా ఏంటి?"

"ఖాళీ అని నేనన్నానా?" అనేసి అవ్వ వెళ్లిపోయింది.

చీకటి పడ్డాక మాన్‌సిక్ అవ్వ ఇచ్చిన తాళంచెవితో పెట్టె తెరిచి చూశాడు. లోపల ఏమీ లేదు. నవ్వుకుని, పెంకుపొడీ వరిగడ్డీ పెట్టి తాళం తోమడం మొదలెట్టాడు. మెరుపు మీద మోజుకొద్దీ కన్ను కూడా తోమేశాడు. చూస్తుండగానే అది అరిగి నున్నగా అయిపోయింది. గతుక్కుమన్నాడు. ఆ గుడ్డి చేపనే మళ్లీ పెట్టెకు బిగించి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

దీపం తీసుకుని ఇంటికి బయల్దేరబోతుంటే పెట్టెలోంచి చప్పుడు వినిపించింది. ఎవరో గడ్డితో ఇత్తడిని తోముతున్నారు, మెల్లగా, ఓపిగ్గా.

మాన్‌సిక్ ఒక్క అంగలో తలుపు దగ్గరికెళ్లి లాగాడు. అది రాలేదు. దీపం ఎత్తి చూస్తే, తలుపు లోపలి గడియకు చేప వేలాడుతోంది. అరిగిన చోట కన్ను విప్పారి, అతన్నే చూస్తోంది.

వెనక్కి తిరిగాడు. పెట్టె కొండీ బోసిగా ఉంది. తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

జేబు తడుముకున్నాడు. ఏమీ తగల్లేదు.

పెట్టె లోపల తాళంచెవి గల్లుమంది.