మొదటి ఆట

మా అమ్మకి ఈ వయసులో దెయ్యాల పిచ్చి పట్టిందనీ, గోడ దాటి కేకలు వినపడుతున్నాయనీ పక్కింటావిడ మా పిన్నితో అందట. ఆస్పత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చి చూద్దును కదా, టీవీలో ఆ పాత సినిమా! చిన్నప్పుడు హాల్లో నన్ను బెంచీ కిందికి దూర్చిన సినిమా.

అమ్మ చొక్కాకి బొత్తాలు కుడుతూ చూస్తోంది. నాన్న పడక్కుర్చీలో ఉన్నాడు. ఒళ్ళు హూనమై అమ్మ పక్కన చతికిలబడ్డాను.

దెయ్యం మెట్లు దిగింది. మొహానికి పూసిన తెల్లరంగు మెడ దగ్గరే ఆగిపోయింది.

"దీనికా నేను పక్క తడిపింది!" అన్నాను.

"పదేళ్ళొచ్చేదాకా తడిపావే!" నాన్న పకపకా నవ్వాడు.

"నవ్వకు నాన్నా. ఇన్నేళ్ళొచ్చినా దీపం ఆర్పి పడుకోలేను." అమ్మ వైపు తిరిగాను. "నేను ఏడుస్తున్నా వినకుండా వారంలో నాలుగుసార్లు మొదటి ఆటకి దీనికే లాక్కెళ్ళావు. ఏం తల్లివమ్మా నువ్వు?"

అమ్మ దారం పంటితో కొరికింది.

"మీ నాన్న తాగొచ్చి చెయ్యెత్తేది ఆరింటికి. ఒళ్ళు తెలీకుండా పడిపోయేది తొమ్మిదింటికి. ఆ మూడు గంటలూ నిన్నెక్కడ దాచమంటావే?"