రెండు మంచి ముక్కలు

"రెజ్యూమేలో కింద మీ పేరు, నంబరు వేసుకోనా అక్కా? యూనిఫారాలు కుట్టే పెద్ద కంపెనీ. వాళ్లు అడిగితే రెండు మంచి ముక్కలు చెబుతారుగా?"

కటింగ్ మాస్టారు సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పుతూ అడిగాడు. వాళ్లావిడ మాత్రం వద్దంటోందట. మంచి పనివాణ్ణి ఏ యజమానీ చేజేతులా వదులుకోడని ఆమె వాదన. "మీ సంగతి తనకేం తెలుసు? ఎప్పుడైనా మాట్లాడిందా మీతో?" అని తనే నవ్వేశాడు.

టైలరింగ్ షాపు యజమానురాలు కూడా నవ్వి, నిక్షేపంగా వేసుకోమంది. లోపల మాత్రం దిగులు పట్టుకుంది. షాపులో కత్తెర పట్టే చెయ్యి అతనిదొక్కటే. అతను వెళ్లిపోతే ఇక తాళం వేసుకోవడమే.

మర్నాడు మాస్టారు భోజనానికి ఇంటికెళ్లిన వేళ ఫోన్ మోగింది. కంపెనీ నుంచి అంటూ ఎవరో ఆడమనిషి, మాస్టారి పని ఎలా ఉంటుందని అడిగింది. మంచి ముక్కలే చెబుదామనుకుంది యజమానురాలు. తీరా నోరు తెరిచేసరికి వేరే మాటలు వచ్చాయి.

"మనిషి మంచివాడేనండీ. చేతికే నిలకడ లేదు. గుడ్డ పాడు చేస్తాడు."

"అంతేనాండీ?" అని మెల్లగా అడిగి పెట్టేసింది ఆవిడ.

ఆ పూట నుంచి యజమానురాలికి ముద్ద దిగలేదు. అతని నోటికాడి కూడు లాగేశానే అని లోలోపల కుమిలిపోయింది. మాస్టారు ఎప్పటిలాగే పనికొచ్చాడు. కాస్త మాటలు తగ్గించాడంతే. కంపెనీ నుంచి పిలుపు రాలేదన్న దిగులు కాబోలనుకుందామె. పైగా ఆమె షాపులో తొడుక్కునే కోటు కాలరు అరిగిపోయిందని చూసి, అడక్కుండానే విప్పి, తిరగేసి కుట్టి కొత్తదానిలా చేసిపెట్టాడు. అది తొడుక్కుంటే ఆమెకు మెడ చుట్టూ నిప్పులు కట్టుకున్నట్టే ఉంది.

చివరికి ఉండబట్టలేక రెజ్యూమే ఒకసారి చూపించమంది. కింద ఆ చోటు ఖాళీగా ఉంది.

"నా పేరు వెయ్యలేదేం?"

"వద్దులే అనుకున్నానక్కా."

"వెయ్యండి మాస్టారూ. ఈసారి ఎవరు ఫోన్ చేసినా, మీ అంత పనివాడు ఎక్కడా దొరకడని చెబుతాను. ఒట్టు."

'ఈసారి' అన్నందుకు వెంటనే నాలుక్కరుచుకుంది. మాస్టారు ఆమె కాలరు దగ్గర మిగిలిపోయిన దారప్పోగును చూశాడు. కత్తెర తీసుకుని జాగ్రత్తగా కత్తిరించాడు.

"మొన్న ఫోన్ చేసింది మా ఆవిడేనక్కా."