వీపు వెనక దిండు

నర్సుగా రిటైరయ్యాక, మంచాన పడ్డ నా భార్యను వీపుకు పుండ్లు పడకుండా రాత్రిళ్లు అటూ ఇటూ తిప్పుతూ గడిపాను. ఆమె పోయాక, ఇకనైనా కంటినిండా నిద్రపోదామనుకున్నాను. కానీ రోజూ మెలకువ వచ్చేసరికి ఎవరో నన్ను పక్కకు తిప్పి, వీపు వెనక దిండు దోపి ఉంటున్నారు.

కోడలిని అడిగితే, "నా నిద్రకే దిక్కులేదు మామయ్యా, మీకు దిండ్లు కూడా సర్దుతానా?" అంది.

నడుం నొప్పి మాత్రం తగ్గింది.

నిన్న రాత్రి కళ్లు మూసుకుని మేలుకునే ఉన్నాను. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి దూరాయి. భయం కన్నా విసుగే ముందొచ్చింది.

"రోగిని ముట్టుకునే ముందు చెప్పాలని ఎన్నిసార్లు మొత్తుకోవాలి?" అన్నాను, డ్యూటీలో కొత్త నర్సుల్ని కసిరినట్టే.

చేతులు ఆగిపోయాయి. తర్వాత చెవి పక్కనే మెల్లగా నా భార్య గొంతు వినిపించింది.

"తిప్పుతున్నానండీ. ఊపిరి బిగబట్టకండి."