అందరికీ ఒకే దారి

ప్రపంచంలోని సమస్త ఇంటర్నెట్ ప్రజలారా! మీ సమాన హక్కుల కోసం ఆన్‌లైన్ వాదపోటీలో దిగి, చిత్తుగా ఓడిపోయినందుకు మీకందరికీ సాష్టాంగపడి క్షమాపణలు చెప్పుకుంటున్నాను.

నెట్‌లో డబ్బున్నవాడికో వేగం, లేనివాడికో వేగం కూడదని వాదించడం నా వంతు. సరిగ్గా అదే వేళకి పక్కగదిలో అక్కకి ఉద్యోగం ఇంటర్వ్యూ, అదీ వీడియోలోనే. నెట్ ఆగిపోయి ఇదివరకే రెండు ఉద్యోగాలు పోగొట్టుకున్న మనిషి, గుమ్మంలో నిలబడి బతిమాలింది.

“ఒరేయ్, ఈ గంటసేపు నెట్ నాకొదిలెయ్యరా.”

“కుదరదక్కా. ఒకళ్లకి రాజమార్గం, ఇంకొకళ్లకి గతుకుల బాటా? సూత్రం సూత్రమే.”

“నీ సూత్రం తగలెయ్య! తోడబుట్టావా, పగబట్టి పుట్టావా?” అని తలుపు ధడేల్న వేసుకుంది.

నేను గొంతు సవరించుకుని, “తీగలో పారే ప్రతి అక్షరమూ సమానమే!” అని గర్జించాను. ఆ గర్జన మధ్యలోనే తెరమీద నా బొమ్మ నోరు తెరుచుకుని, గట్టునపడ్డ చేపలా బిగుసుకుపోయిందట. “చూశారా, అందరికీ సమానంగా పంచితే ఇదీ గతి!” అని అవతలివాడు నన్నే సాక్ష్యంగా చూపించి కప్పు కొట్టేశాడు.

అక్క మాత్రం గెంతుకుంటూ వచ్చింది. “ఉద్యోగం వచ్చిందిరా! నెట్ ఒక్కసారి కూడా ఆగలేదు. నువ్వన్నదే నిజం, సమానంగా పంచుకుంటే ఎవరికీ లోటుండదు!”

నా వాదానికి దొరికిన ఏకైక భక్తురాలు. అందుకే ఆవిడకి చెప్పలేదు, మీకు చెబుతున్నాను. పోటీకి ముందు రౌటర్ సెట్టింగుల్లో దూరి, ఉన్న నెట్టంతా మొదట అక్క కంప్యూటర్‌కే వెళ్లేలా మార్చింది నేనే.