ఒక్క గింజ తేడా

“చిట్టెమ్మా! ఓడిపోయామే!” అన్న ఉడుత గంగులు కేకకి పిచ్చుక గూట్లోంచి తొంగి చూసింది.

అడవి పెద్ద ఎవరని పోటీ. తలా ఒక గింజ, నచ్చినవారి కుండలో వెయ్యాలి. నెమలి గెలిస్తే ఎండాకాలం మడుగు దానొక్కదానిదే, గంగులు గెలిస్తే అందరిదీ. నెమలికి డప్పులూ విందులూ ఉన్నాయి. గంగులుకి ఉన్నదల్లా చిట్టెమ్మ గొంతే. పుట్టపుట్టకీ తొర్రతొర్రకీ తిరిగి, పేరుపేరునా పలకరించి, పాటలు కట్టి పాడిందామె. అడవి సగం ఇటు తిరిగింది కూడా.

తీరా ఒక్క గింజ తేడా!

“ఆ పిరికి కుందేలే ముంచుంటుంది!” పళ్ళు నూరాడు గంగులు.

చిట్టెమ్మ ఎగిరొచ్చి అతని ముందు వాలింది.

“దాన్ననకు గంగులన్నా. నేను కుండల దగ్గరికెళ్ళేసరికి నెమలి దొర పురి విప్పి, ‘ఎంత బాగా పాడతావే’ అన్నాడు. నా గింజ ఆయనకే వేసేశాను.”